నలుపు విప్పే చెయ్యి

కాషాన్ ఊరి ఎండకి నలుపు నిలవదు. కొన్నాళ్లు ఆరేస్తే చాలు, భుజాల దగ్గర ఇటుక రంగుకి తిరుగుతుంది. అందుకే బద్రి అప్పుడప్పుడూ బజారు నుంచి రంగుపొడి తెచ్చుకుని, పాత బకెట్లో వేణ్ణీళ్లు పోసి, తన రెండు గౌన్లనూ తలగుడ్డలనూ అందులో ముంచి కర్రతో తిప్పుతుంది. ఆ సోమవారం ఆ పనిలో ఉండగానే ఫోన్ మోగింది. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. రిసీవరుకి అంటకుండా రెండు వేళ్లతో ఎత్తి, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

చేసింది ఎస్మత్. పోయిన భర్త నస్రుల్లాకి అక్క, ఆ కుటుంబానికి ఇప్పుడు పెద్ద దిక్కు. ఎప్పుడూ పరుగు మీద ఉన్నట్టే మాట్లాడుతుంది. కమాల్ నిఖా ఈ శుక్రవారమే పెట్టుకున్నామనీ, తండ్రి పోయి ఏడాది తిరక్కుండా ఏమిటని నలుగురూ అనుకుంటారని తెలుసుననీ, కానీ పెళ్లికూతురి అమ్మమ్మ మంచం పట్టిందనీ, కళ్లారా చూసి పోతానంటోందనీ గబగబా చెప్పింది. కమాల్ నస్రుల్లా మొదటి భార్య కొడుకు. వాడికి సంబంధం కుదిరిన సంగతి బద్రికి తెలుసు. ముహూర్తం సంగతి ఇప్పుడే తెలిసింది.

"నీ చేతి సెకంజెబీన్ షర్బతు లేకపోతే మనింట్లో శుభకార్యం అన్నట్టే ఉండదు బద్రీ. పెద్ద సీసాలు ఓ ఆరేడు చెయ్యి. కీరదోసలు మేమిక్కడ తురుముకుంటాంలే. గురువారం ఎవరినైనా పంపిస్తాను" అంది ఎస్మత్. ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "నువ్వు మాత్రం ఈ ఎండలో పడి రావద్దమ్మా. నలుపులో ఉన్న మనిషివి. నలుగురిలో నీకే ఇబ్బంది" అంది.

మనిల్లు అట. సీసాలకి మనిల్లు, మనిషికి కాదు. ఆ మాట అక్కడే అనేయాల్సింది. బద్రి అనలేదు. "అలాగే వదినా" అంది. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే చెంప మీద నల్లటి వేలిముద్ర పడింది.

ఆ ఊళ్లో చావుకి నలుపు కట్టుకోవడం ఎవరి చేతుల్లో పని వాళ్లదే. విప్పుకోవడం మాత్రం అలా కాదు. ఇంటి పెద్దలెవరో ఒక మూట పట్టుకుని రావాలి. అందులో రంగుబట్ట ఉండాలి. వాళ్ల చేత్తో నల్లబట్ట తీసి, రంగుది కట్టి, పోయినవాళ్లకి దేవుడి దయ, ఉన్నవాళ్లకి ఆయుష్షు, ఇక చాలు అని చెప్పాలి. తనంతట తాను విప్పుకున్న ఆడదాన్ని, మొగుడు ఎప్పుడు పోతాడా అని కాచుక్కూర్చుందంటారు. అనరని ఎవరైనా అంటే వాళ్లు ఆ ఊరి వాళ్లు కారు.

నస్రుల్లా నలభయ్యో రోజు వెళ్లిన వారంలోనే ఎస్మత్ మూట కట్టింది. ఆ మధ్యాహ్నం బద్రి టీ కాచే సమోవార్ తోమి, పళ్లు కడిగి, పళ్లెంలో సర్ది పెట్టుకుంది. కిటికీ దగ్గర కూర్చుంది. సందులో అడుగుల చప్పుడు వినపడినప్పుడల్లా లేచి తలగుడ్డ సవరించుకుంది. పొద్దుగూకింది. ఎస్మత్ తమ్ముడి కొడుకులిద్దరి దగ్గరికీ వెళ్లి చొక్కాలు తొడిగిందనీ, పెద్దకోడలికి ఆకుపచ్చ గౌను ఇచ్చిందనీ మర్నాడు పక్కింటావిడ చెప్పింది. పుట్టింటివాళ్లు వచ్చి విప్పుతారులే అని ఎస్మత్ ఎవరితోనో అందట. బద్రి పుట్టింట్లో మిగిలింది ఒక్క అన్న. బందర్ అబ్బాస్‌లో పక్షవాతంతో మంచం మీద ఉన్నాడు. ఆ సంగతి ఎస్మత్‌కి తెలియక కాదు.

అప్పటి నుంచి బద్రి నలుపులోనే ఉంది. ఎవరూ ఆమెను వెళ్లగొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. వచ్చిన వాళ్లు గుమ్మంలోనే నిలబడి, నలుపుని చూసి గొంతు తగ్గించి, నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్లిపోయేవాళ్లు. నలుపు కట్టిన ఇంటికి కబుర్లాడడానికి ఎవరు వస్తారు? కొన్నాళ్లకి ఆ నాలుగు మాటల వాళ్లూ రావడం మానేశారు.

మంగళవారం పొద్దున్నే ఆమె కూరగాయల రహ్మత్ కొట్టుకి వెళ్లింది. పుదీనా కట్టలు ఒక్కొక్కటే ఎత్తి, కాడ విరిచి వాసన చూసి, ఆకు వెనక మచ్చలున్నవాటిని పక్కన పడేసింది. ఏరినవి ఒంటి మీది చాదరు మడతలో పోగయ్యాయి. అటు తిరిగి ఉల్లిపాయలు తూస్తున్న రహ్మత్ ఆ పోగు చూసి, "ఇంత పుదీనా అంటే సెకంజెబీనే. ఏం ఖానుమ్, శుభకార్యమా?" అన్నాడు. అన్నాక తలెత్తి ఆమె బట్టలు చూశాడు. 

"మా అబ్బాయి పెళ్లి" అంది బద్రి.

కమాల్‌ని అలా అనడం అదే మొదటిసారి. వాడి ముందు ఎప్పుడూ అనలేదు, అనే హక్కు ఉందనుకోలేదు. రహ్మత్ అయోమయంగా చూశాడు. కొడుకు పెళ్లేమిటి, తల్లి ఒంటి మీద ఆ నలుపేమిటి? పుదీనా మీద గుప్పెడు కీరదోసలు వేసి, వాటికి లెక్క వద్దన్నాడు. సన్నవి, వేలెడంత పొడుగువి, కొసన పువ్వు ఇంకా ఊడనివి. అవి మేమే తురుముకుంటామని ఎస్మత్ చెప్పనే చెప్పింది. అయినా బద్రి కాదనలేదు. ఆ రోజంతా ఆమె మరో మనిషితో మాట్లాడలేదు.

ఇంటికొచ్చి సామాన్ల గదిలోంచి రాగి గిన్నె దించింది. లోపల వేలితో తడిమి కళాయి ఎక్కడా లేచిపోలేదని చూసుకుంది. కళాయి పోయిన రాగిలో వెనిగర్ కాస్తే విషమే. పంచదార పోసి, నీళ్లు కలిపి, సన్నమంట మీద పెట్టింది. మరగడం మొదలయ్యాక పైకొచ్చిన మురికి నురుగుని గరిటె అంచుతో తీసి పారేసింది. పాకం తేరిన అద్దంలా అయ్యాక వెనిగర్ జాడీ మూత విప్పింది. నస్రుల్లా బతికుండగా ద్రాక్షపళ్లు తొక్కి ఊరబెట్టిన వెనిగర్ అది. జాడీ మెడకి ఆయన కట్టిన గుడ్డ ముడి కూడా అలాగే ఉంది. విప్పడానికి చాలాసేపు పట్టింది.

వెనిగర్ పడగానే గిన్నెలోంచి ఘాటు లేచింది. ఆ ఆవిరికి కళ్లు మండి నీళ్లు కారతాయి. ఏడవడానికి అంతకన్నా మంచి సాకు ఏ వంటలోనూ దొరకదు. బద్రి ఆ సాకుని బాగానే వాడుకుంది.

ఇల్లు ఉడికిపోతోంది. కూలర్ తిరుగుతోంది గానీ చల్లదనం లేదు, మట్టివాసన తప్ప. దానికి గడ్డిపలకలు మార్చాలి. ఏటా ఎండలు ముదరకముందే నస్రుల్లా డాబా ఎక్కి మార్చేవాడు. ఈ ఏడు ఆ పని ఎవరిదో తేలలేదు. నల్లగౌను వీపుకి అతుక్కుపోయింది. తలగుడ్డ కింద జుట్టులోంచి చెమట మెడ మీదికి జారుతోంది. బద్రి గరిటె పక్కన పెట్టి, పుదీనా కట్టల్ని దారంతో కట్టి, ఏదో ఆలోచిస్తూ గిన్నెలో వేసేసి, ముందుగదిలోకి వెళ్లి అద్దం ముందు నిలబడింది.

పిన్నీసు తీసింది. గడ్డం కింద ముడి వదులు చేసింది. తలగుడ్డ వెనక్కి జారింది. జుట్టులో తెల్లవెంట్రుకలు పెరిగాయి. ఆ నెలలన్నీ ఆమె తల తనకే కనపడలేదు. మెడకి గాలి తగిలింది. ఎంత హాయిగా ఉందంటే, ఆ హాయికే ఆమెకి భయం వేసింది. ఎవరో చూస్తున్నట్టు వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. ఎవరూ లేకపోవడమే అసలు కష్టం. చూసి తిట్టేవాళ్లున్నా బాగుండేదనిపించింది. ఈ ఇంట్లో నలుపు విప్పినా కట్టినా అడిగే దిక్కు లేదు, అయినా విప్పుకునే ధైర్యం లేదు. గుడ్డ మళ్లీ ముందుకు లాక్కుని, మునుపటికన్నా గట్టిగా ముడి వేసుకుంది.

మాడిన ఆకు వాసన వచ్చాక గానీ గిన్నె గుర్తు రాలేదు. పుదీనా పొయ్యి మీద వేసేది కాదు. గిన్నె దించాక, ఆ వేడికే మగ్గేలా వెయ్యాలి. పెళ్లికి ముందు నుంచీ తెలిసిన సంగతి. పాకం కషాయం రంగుకి తిరిగింది. చెంచాతో నోట్లో వేసుకుంటే చేదు. సింకులో పారబోసింది. అది చిక్కగా, మెల్లిగా దిగిపోతుంటే చూస్తూ నిలబడింది.

ఎస్మత్‌కి ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదని చెప్పేయొచ్చు. ఆ ఆలోచన రాకపోలేదు. రిసీవర్ దాకా చెయ్యి వెళ్లింది కూడా. కానీ ఏడాది పొడుగునా ఆ కుటుంబానికి ఆమె గుర్తొచ్చేది ఈ సీసాలప్పుడే. ఇవి కూడా లేవంటే ఇక ఫోన్ మోగడానికి కారణమేముంటుంది? బుధవారం మళ్లీ మొదటి నుంచి కాచింది. ఈసారి గిన్నె దగ్గర నుంచి కదలలేదు. దించి, మంట ఆర్పి, పుదీనా ముంచి, మూత పెట్టి, మూత మీద తడిగుడ్డ కప్పింది. చల్లారాక ఆకు పిండకుండా ఎత్తి తీసేసింది. గురువారం పొద్దున్నే సీసాలు నింపి, మూతలు బిగించి, గుడ్డతో తుడిచి, గోడ వారగా వరసలో పెట్టింది. పాకం లేత తేనె రంగులో ఉంది. ఆ వరసని చూసి ఎంత బాగుందో అనుకుంది. పైకి అనడానికి ఎదుట మనిషి లేరు.

మధ్యాహ్నం దాటాక తలుపు తట్టారు. ఎస్మత్ డ్రైవర్నో, కమాల్ అన్ననో పంపిస్తుందనుకుంది. తలుపు తీస్తే తలత్ నిలబడి ఉంది.

తలత్ నస్రుల్లా మొదటి భార్య. కమాల్ తల్లి. విడాకులైన చాలా ఏళ్ల తర్వాత ఆయన బద్రిని చేసుకున్నాడు కాబట్టి ఆమెకీ బద్రికీ తగువేమీ లేదు. అలాగని మాటా లేదు. పెద్దకొడుకు పెళ్లిలో ఒకసారి, అంత్యక్రియల్లో ఒకసారి దూరం నుంచి చూసుకున్నారు. పొట్టి మనిషి, మోకాళ్ల నొప్పులతో కాస్త పక్కకి ఒరిగి నడుస్తుంది. చంకలో ఒక మూట ఉంది.

"కమాల్ కారులో దింపాడు. పూలవాడి దగ్గరికి వెళ్లి వస్తానన్నాడు. లోపలికి రమ్మంటావా, ఎండలో నిలబెడతావా?" అంది.

బద్రి తడబడుతూ దారి ఇచ్చింది. దయచేయమంది, ఇల్లు మీదేనంది, కూర్చోమని పరుపు సవరించింది. తలత్ పరుపు మీద కూర్చోకుండా నేరుగా వంటింట్లోకి వెళ్లి, అక్కడున్న స్టూలు మీద కూలబడింది. గోడ వారగా ఉన్న సీసాల వైపు చూసి, అన్నీ అయిపోయాయన్నమాట అంది. పొద్దున్నే నింపేశానని చెప్పి, బద్రి టీ పెట్టబోయింది.

"టీ వద్దు. నువ్వు చేసింది పోసివ్వు. ఇన్నేళ్లూ నీ సీసాలు మా ఇంటికి వచ్చేవి. పిల్లలు తాగేవాళ్లు. నేనెప్పుడూ ముట్టలేదు."

"ఏం, ఏమైనా కలిపానేమోననా?" అనేసింది బద్రి. అన్నాక నాలుక కరుచుకుంది.

"కాదు. బాగుంటుందేమోనని భయం" అంది తలత్.

బద్రి కీరదోసలు కడిగింది. కొస కోసి, ఆ ముక్కతోనే కోసిన చోట రుద్దింది. తెల్లటి నురుగు వచ్చింది. దాన్ని కడిగేసి, తొక్కతోనే తురిమింది. తురుముని రెండు గ్లాసుల్లో వేసి, పైన పాకం పోసి, చల్లటి నీళ్లూ మంచుముక్కలూ వేసి, పొడుగు చెంచాతో కలిపింది. ఆకుపచ్చ తురుము పైకీ కిందికీ తిరిగింది. వంటిల్లంతా పుదీనా, కీరా వాసన. తలత్ గ్లాసు అందుకుని, మొదటి గుక్క నోట్లో కాసేపు ఉంచుకుని మింగింది.

"వెనిగర్ తగ్గించావు. ఆయనైతే ఇది తాగడు."

"పెళ్లివారికి తీపి ఉండాలని తగ్గించాను. ఆయనకైతే వేరే సీసా చేసేదాన్ని" అంది బద్రి. జాడీలోంచి కాస్త వెనిగర్ తెచ్చి ఇద్దరి గ్లాసుల్లోనూ వేసింది. తలత్ మళ్లీ తాగి తలూపింది. ఆయన నాలుక ఎలాంటిదో తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరూ ఇప్పుడు ఒకే వంటింట్లో ఉన్నారు.

తలత్ గ్లాసు కింద పెట్టి మూట విప్పింది. ముదురు నీలం గౌను, తెల్లపూలు చల్లిన నీలం తలగుడ్డ. బద్రి ఒక అడుగు వెనక్కి వేసింది. గట్టు పట్టుకుంది.

"ఎస్మత్ మర్చిపోయిందనుకుంటున్నావా?"

"లేదు. మర్చిపోలేదని తెలుసు."

"నువ్వు నలుపులో ఉంటే రేపు రాలేవు. నువ్వు రాకపోతే మనిద్దరినీ ఒక గదిలో ఎలా కూర్చోబెట్టాలన్న బెంగ ఉండదు. తలత్ బాధపడుతుందని అందరికీ చెబుతోందట. నా పేరు మీద నిన్ను ఇన్నాళ్లు ఇందులో ఉంచారు. నన్ను ఒక్క మాట అడగలేదు." ఆమె గొంతులో కోపం ఉంది, కానీ చేతులు నిదానంగా కదులుతున్నాయి. "రేపు నువ్వు పెళ్లికొడుకు తల్లి పక్కన కూర్చుంటావు. ఎస్మత్‌తో నేను చెప్పుకుంటాను. కూర్చో, నాకు అందవు."

బద్రి నేల మీద కూర్చుంది. తలత్ ముందుకు వంగి పిన్నీసు తీసి తన పళ్ల మధ్య పెట్టుకుంది. ముడి బిగిసిపోయి ఉంది. గోళ్లతో లాగి లాగి విప్పింది. నల్లగుడ్డ తీసి ఒళ్లో వేసుకుని, నీలంది కప్పి, గడ్డం కింద ముడి వేసింది. పిన్నీసు గుచ్చాక, పోయినవాడికి దేవుడి దయ అంది. నీకు ఆయుష్షు అంది. ఇక చాలు అంది. బద్రి ఆమె మోకాలి మీద తల పెట్టి ఏడ్చింది. ఈసారి వెనిగర్ సాకు లేదు. తలత్ ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

బద్రి ముఖం తుడుచుకుని తలెత్తేసరికి, తలత్ ఒళ్లో ఉన్న నల్లగుడ్డని వేళ్లతో సాపు చేస్తోంది. ఆమె వేళ్లకి నలుపు అంటింది. సోమవారమే రంగు వేశాను, ఇంకా దిగుతోందని బద్రి నొచ్చుకుంది.

"ఫర్లేదు. ఆయన పోయిన పొద్దున నేను కూడా నలుపు తీసి పెట్టుకున్నాను" అంది తలత్. "ఎస్మత్ ఫోన్ చేసింది. విడాకులిచ్చినవాడికి నలుపేమిటి, జనం నవ్విపోతారు అంది. నిజమే, నవ్వుతారు. గోధుమరంగు కట్టుకుని వెళ్లి ఆడవాళ్ల వెనక వరసలో కూర్చున్నాను. నా పడుచు వయసంతా ఆయనతోనే గడిచింది బద్రీ. ఇద్దరు పిల్లల్ని కన్నాను. నాకు ఒక్కపూట కూడా కట్టుకోనివ్వలేదు. నా వంతు కూడా నువ్వే కట్టావు."

తన తలగుడ్డ తీసి పక్కన పెట్టింది. జుట్టు పలచగా, గోరింట రంగులో ఉంది. నల్లగుడ్డని తల మీద వేసుకుని, తానే ముడి వేసుకుంది.

"ఈ గ్లాసు అయ్యేదాకా ఉంచు. తర్వాత నీ చేత్తోనే తీసెయ్యి. ఎవరితోనూ అనకు."

"నేను చిన్నదాన్ని" అంది బద్రి.

"పెద్దవాళ్లెవరున్నారు మనకి?"

తలత్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. తాగుతున్నట్టే ఉంది గానీ భుజాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు. బద్రి ఆమె వైపు చూడకుండా, కడిగిన గరిటెల్నే మళ్లీ కడిగింది. గ్లాసు సగానికి వచ్చింది. తర్వాత అడుగున ఆకుపచ్చ తురుము మాత్రమే మిగిలింది. తలత్ దాన్ని చెంచాతో కొంచెం కొంచెంగా తింటోంది.

బయట కారు హారన్ మోగింది. ఇంకోసారి మోగింది. తలత్ చెయ్యి ముడి దగ్గరికి వెళ్లింది.

"ఉండండి" అంది బద్రి. చాదరు కప్పుకుని వాకిట్లోకి వెళ్లి, తలుపు ఓరగా తీసింది. కమాల్ కారు దిగి నిలబడ్డాడు. వెనక సీటు నిండా పూలు. ఆమె నుదుటి మీద నీలం చూసి, తల దించుకుని సలాం చేశాడు. అమ్మ ఏదని అడిగాడు. అత్తయ్య తొందరపెడుతోందనీ, సీసాలు తనే మోసుకొస్తాననీ లోపలికి అడుగు వేయబోయాడు.

బద్రి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "సీసాలు ఇంకా నింపలేదు బాబూ. పాకం వేడిగా ఉంది, చల్లారాలి. మీ అమ్మ నాకు సాయం చేస్తోంది. నువ్వు అలా నీడలో ఉండు, నేనే పిలుస్తాను."

తలుపు మూసి గడియ పెట్టింది. వంటింట్లోకి వచ్చి, తలత్ చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుని, బుట్టలోంచి మరో కీరదోస ఎంచి, కొస కోసి, తురమడం మొదలుపెట్టింది.